పందెం ఎద్దుకు ఈత, పరుగు కుర్రాడికి తెడ్డు

మిరపకోతలు ఒక కొలిక్కి వచ్చినయ్యి, ఇంక నాలుగు రోజులు కాస్త ఊపిరి తీసుకోవచ్చు. అందుకే చాన్నాళ్లుగా రాద్దామనుకుంటున్న సంగతి ఇవాళ కూర్చుని రాస్తున్నా. పెద్ద పోస్టే. తీరిగ్గా చదవండి. ఇంట్లో పరుగుకి తయారయ్యే పిల్లలుంటే వాళ్లకి కూడా చదివి వినిపించండి.

ముందు మీకు తెలిసిన మాటతోనే మొదలుపెడతా. బండలాగుడు పోటీలకి ఎడ్లని మేపేవాళ్లు మన చుట్టుపక్కల ఊళ్లల్లో ఎంతమంది లేరు? వాళ్లు ఎద్దుని రోజూ బండే లాగిస్తారా? లాగించరు. ఒకరోజు బండ, ఒకరోజు ఇసకలో నడక, ఇంకోరోజు చెరువులో ఈత. తమిళనాడులో జల్లికట్టు గిత్తలకి కూడా ఈత కొట్టిస్తారు. పోటీ ఏమన్నా నీళ్లల్లో జరుగుద్దా? జరగదు. మరి ఈత ఎందుకు? గిట్ట మీద, కీలు మీద బరువు పడకుండా ఊపిరి పెరగాలి, ఛాతీ విచ్చుకోవాలి, భుజం గట్టిపడాలి. రోజూ బండే లాగిస్తే పోటీ నాటికి ఎద్దు కుంటుద్ది. ఈ సంగతి మన తాతల నుంచీ తెలుసు. ఎద్దు విషయంలో ఇంత తెలివిగా ఉండే మనం పిల్లోడి విషయానికొచ్చేసరికి మాత్రం "పొద్దున్నే లేచి రోడ్డు మీద పరిగెత్తరా" అని ఒక్క మాటతో సరిపెడుతున్నాం.

ఇప్పుడు మన ఊళ్లో తెల్లవారుజామున నాలుగున్నరకి తారురోడ్డు మీద చూడండి. పదిమంది, పదిహేనుమంది కుర్రాళ్లు. కొందరు అగ్నివీర్‌కి, కొందరు కానిస్టేబుల్‌కి. ఏడాదంతా పడుకుని, నోటిఫికేషన్ పడంగానే మొదటిరోజే ఐదు కిలోమీటర్లు. అరిగిపోయిన బూట్లు, కొందరికి అవీ లేవు. మూడో వారానికల్లా సగంమందికి కాలినొప్పి. మోకాలికీ చీలమండకీ మధ్య ముందువైపు ఉండే ఎముక లోపలి అంచున లాగుతుంటది. మావోడికీ అదే వచ్చింది.

మావాడికి అప్పుడు ఇరవై నిండినయ్యి. అగ్నివీర్‌కి అప్పట్లో పైవయసు 21 ఉండేది. ఆన్‌లైన్ రాతపరీక్ష గట్టెక్కాడు, ర్యాలీకి ఇంకా పది వారాలుంది. ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు. 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే 60 మార్కులు. 5:45 లోపు వస్తే 48. పుల్‌అప్స్ పది తీస్తే 40. ఆ మీదట తొమ్మిదడుగుల గుంట దూకుడు, వంకర దిమ్మ మీద నడక ఉంటయ్యి, వాటికి మార్కులుండవు, దాటితే చాలు. (ఈ లెక్కలు నోటిఫికేషన్‌కీ నోటిఫికేషన్‌కీ మారతయ్యి, ఎప్పటికప్పుడు చూసుకోండి.) మావోడి టైము అప్పటికి 5:50. ఇంకో 20 సెకన్లు తగ్గించుకుంటే ఒడ్డున పడతాడు. సరిగ్గా అప్పుడు కాలు మొరాయించింది. డాక్టరు చూసి, ఎముక ఇంకా చిట్లలేదు గానీ ఇట్టాగే పరిగెత్తితే చిట్లుద్ది, కొన్నాళ్లు పరుగు ఆపమన్నాడు.

ఆపితే దమ్ము పోద్ది. ఆపకపోతే కాలు పోద్ది. వయసు చూస్తే దాటిపోతుంది. ఇంట్లో రెండు రోజులు ఎవరమూ సరిగ్గా తిన్లేదు.

అప్పుడు దారి చూపించింది మా అక్క కొడుకు. ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరై వచ్చాడు, కొన్నేళ్లు పుణేలో ఉన్నాడు. "మావయ్యా, పరుగే ఆపమన్నారు గానీ కష్టపడటం ఆపమన్లేదుగా. పేటలో జిమ్ముంది, అందులో తెడ్డు మిషను ఉంది. నేను బావమరిదిని తీసుకెళ్తా" అన్నాడు. నేనూ వెంట వెళ్లా. ఆ మిషను సంగతే మీకు చెప్దామని ఈ పోస్టు.

దాన్ని రోయింగ్ మిషను అంటారు. పడవలో తెడ్డు వేసే పనిని గదిలో కూర్చుని చేయటం. నేలమీద పొడుగాటి కమ్మీ, దానిమీద ముందుకీ వెనక్కీ జారే చిన్న పీట. ముందు పాదాలు పెట్టి పట్టీలతో బిగించుకునే పలకలు. చేతిలో పిడి, పిడికి గొలుసు, గొలుసు చివర గాలిచక్రం. మనం వడ్లు తూర్పారబట్టే ఫ్యాను లాంటిదే, కాకపోతే చుట్టూ మూత ఉంటది. లాగితే చక్రం తిరుగుద్ది. ఎంత గట్టిగా లాగితే గాలి అంత గట్టిగా ఎదురొస్తది. అంటే బలం ఉన్నోడికి బలంగా, లేనోడికి లేనట్టుగా ఉంటది. అరవై ఏళ్ల మనిషీ లాగొచ్చు, ఇరవై ఏళ్ల కుర్రాడూ లాగొచ్చు.

ఈ మిషను పుట్టుక కూడా మనలాంటోళ్ల తెలివే. అమెరికాలో వెర్మాంట్ అనే రాష్ట్రం ఉంది. చలికాలంలో అక్కడ చెరువులు గడ్డకట్టిపోతయ్యి, పడవ దించటానికి ఉండదు. డ్రైసిగాకర్ అని ఇద్దరు అన్నదమ్ములు, పడవ తెడ్లు తయారుచేసే కంపెనీ 1976లో పెట్టారు. చలికాలం సాధన ఎట్లా అని ఆలోచించి 1981లో సైకిల్ చక్రంతో ఒక మిషను తయారుచేశారు. కాన్సెప్ట్2 అనే ఆ కంపెనీ మిషన్లే ఇప్పుడు ప్రపంచమంతా ఉన్నయ్యి. పాత సామాను విప్పి కొత్త పనిముట్టు చేయటం మనకేమన్నా కొత్తా? మన ఊళ్లో పాత బండి ఇంజనుతో పవర్ స్ప్రేయర్ చేసినోళ్లు లేరూ?

"చెరువు లేదు, పడవ లేదు, మనకెందుకు ఈ తెడ్డు గోల" అంటారేమో. ఒకాయన సంగతి చెప్తా వినండి. దత్తు భోకనల్. మహారాష్ట్ర నాసిక్ జిల్లాలో తళేగావ్ రోహి అనే కరువు ఊరు ఆయనది. నాన్నతో పాటు బావులు తవ్వే పనికి పోయేవాడు. 2011లో నాన్న చనిపోయాడు. మరుసటి ఏడాది ఆర్మీలో చేరాడు. పుణేలో చేరిన తర్వాతే తెడ్డు పట్టటం నేర్చుకున్నాడు. మొదట్లో నీళ్లంటేనే భయం. అట్లాంటోడు 2016 రియో ఒలింపిక్స్‌లో ఒంటరి పడవ పోటీలో మన దేశం తరఫున దిగి 13వ స్థానంలో నిలిచాడు. 2018 ఆసియా క్రీడల్లో నలుగురి పడవలో బంగారు పతకం. నీళ్లు లేని ఊరోడు నీళ్ల మీద పతకం తెచ్చాడు. బావి తవ్విన నడుము, గడ్డపార పట్టిన చెయ్యి ఊరికే పోలేదు. కాకపోతే ఆ బలానికి ఒక పద్ధతి నేర్పినోళ్లు దొరికారు.

మన ఆంధ్ర వాడే ఇంకొకాయన, కొంగనపల్లి నారాయణ. సైన్యంలో ఉండగా మందుపాతర పేలి కాలు పోయింది. అయినా తెడ్డు పట్టి, 2024లో పారిస్ పారాలింపిక్స్‌కి అనిత అనే అమ్మాయితో కలిసి జంట పడవలో దిగాడు. కాలు లేనాయన ప్రపంచం ముందు పడవ నడిపాడంటే, కాలినొప్పి వచ్చిందని మంచం ఎక్కే మన పిల్లలకి అదొక ధైర్యం.

ఇంక అసలు సంగతి. పరుగుకీ తెడ్డుకీ ఏంటి సంబంధం?

పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగుకీ ఒంటిబరువుకి రెండు మూడింతల బరువు కాలిమీద పడుద్ది. అరవై ఐదు కేజీల కుర్రాడనుకోండి, ఒక్కో అడుగుకీ దాదాపు నాలుగు మిర్చి టిక్కీల బరువు ఒక్క కాలిమీద పడినట్టు. 1600 మీటర్లంటే వెయ్యికి పైనే అడుగులు. రోజూ ఐదు కిలోమీటర్లు పెడితే ఎన్ని వేల దెబ్బలో లెక్క చూసుకోండి. ఎముక గట్టిదే, దెబ్బ తగిలిన కొద్దీ ఇంకా గట్టిపడుద్ది కూడా. కానీ గట్టిపడటానికి దానికి టైము ఇవ్వాలి. కొన్ని వారాల్లో గుండె, ఊపిరి పుంజుకుంటయ్యి. ఎముకకీ నరానికీ నెలలు పడుద్ది. దమ్ము పెరిగింది కదాని ఇంకా పరిగెత్తితే ఎముక వెనకబడి చిట్లుద్ది. మన పిల్లల్ని దెబ్బతీసేది ఈ తేడానే.

మిషను మీద మనిషి కూర్చుని ఉంటాడు. బరువు పీట మోస్తది. పాదం పలకనుంచి లేవదు, కాబట్టి నేలకి కొట్టుకునే మాటే లేదు. కానీ కాళ్లు, తొడలు, నడుము, వీపు, చేతులు అన్నీ ఒకేసారి పనిచేస్తయ్యి. ఇరవై నిమిషాలు లాగితే చొక్కా పిండుకోవాలి. గుండెకి కళ్లుండవు కదా, నువ్వు రోడ్డు మీద ఉన్నావో పీట మీద ఉన్నావో దానికి తెలవదు. రక్తం కావాలంటే కొడతది, ఊపిరి కావాలంటే లాగుద్ది. కాలికి విశ్రాంతి, గుండెకి పని. పందెం ఎద్దు ఈతలో ఉన్న కిటుకు ఇదే.

ఇక్కడ ఒక మాట వస్తది. మా వీధిలో పెద్దోళ్లు కూడా అన్నారు. "పొలంలో పని చేస్తే చాలదా? డబ్బు కట్టి మరీ చెమట పట్టించుకోవాలా?" ఈ మాటకి నేను మొదటినుంచీ ఒకటే జవాబు చెప్తా. పొలం పని మనిషిని గట్టిపరుస్తది, కాదనను. ఎండకి ఓర్పు, నడుముకి బలం, చేతికి పట్టు అన్నీ వస్తయ్యి. కానీ పొలం పనిలో మనం ఊపిరి ఆడనంత వేగంగా ఐదు నిమిషాలు ఎప్పుడన్నా చేస్తామా? చెయ్యం. చేస్తే సాయంత్రం దాకా నిలవలేం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సాగాలని మెల్లగా, లెక్కగా చేస్తాం. అది అరకెద్దు నడక. 1.6 కిలోమీటర్ల పరుగు పందెం ఎద్దు పని. రెండూ ఎద్దులే, మేత వేరు, సాధన వేరు. పైగా పొలం పని ఒకవైపే లాగుద్ది. మందు కొట్టే ట్యాంకు ఒక భుజానికే ఎక్కువ ఆనుద్ది, కలుపు తీసేటప్పుడు నడుము గంటలకొద్దీ వంగే ఉంటది. అది అలుపు తెస్తది గానీ పరుగు తేదు.

ఇప్పుడు లాగే పద్ధతి. ఇది జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే జిమ్ముల్లో నూటికి తొంభైమంది తప్పుగానే లాగుతున్నారని మా మేనల్లుడు అంటాడు.

అందరూ అనుకునేది ఇది చేతుల పని అని. కాదు, కాళ్ల పని. యార్డులో హమాలీ టిక్కీ లేపటం చూశారు కదా. కొత్తోడు నడుము వంచి చేతులతో లాగి, సాయంత్రానికి నడుం పట్టుకుని కూర్చుంటాడు. పాతోడు మోకాళ్లు వంచి, కాళ్లతో నేలని తన్ని లేపుతాడు. మిషను మీదా అంతే. ముందుకి జరిగి మోకాళ్లు వంచి కూర్చో. పిక్కలు నిలువుగా ఉండాలి, అంతకంటే ముందుకి పోకూడదు. వీపు నిటారుగా. చేతులు తాడులాగా చాచి ఉండాలి. ఇప్పుడు కాళ్లతో పలకని తన్ను. కాళ్లు దాదాపు చాపుకున్నాక నడుము కాస్త వెనక్కి వాల్చు. చివర్లో పిడిని పొట్టపైకి, పక్కటెముకల కిందికి లాగు. కాళ్లు, నడుము, చేతులు, ఈ వరస. తిరిగి వచ్చేటప్పుడు తిరగేసి: ముందు చేతులు, తర్వాత నడుము, ఆఖరున మోకాళ్లు. లాగేటప్పుడు ఒక పాలు టైము, తిరిగొచ్చేటప్పుడు రెండు పాళ్లు. పోయేది జోరుగా, వచ్చేది నిదానంగా. బావిలో చేద లాగినోళ్లకి ఈ లయ తొందరగా పట్టుబడుద్ది.

చక్రం పక్కన ఒక మీట ఉంటది, 1 నుంచి 10 దాకా అంకెలు. కుర్రాళ్లు జిమ్ములోకి పోంగానే దాన్ని 10కి తిప్పి "నేను పదిలో లాగా" అని మీసం తిప్పుతారు. అది మగతనం కొలిచే మీట కాదు. ఎంత గాలి లోపలికి రావాలో చెప్పేది, అంతే. 10లో పెడితే దమ్ములో దిగబడ్డ ట్రాక్టరులాగా ఒక్కో లాగుడు బరువుగా ఉండి నడుము పట్టుద్ది. దమ్ము కోసం చేసేవాళ్లు 3కీ 5కీ మధ్య పెట్టుకుంటే సరిపోద్ది. తెర మీద ఒక అంకె కనపడుద్ది, 500 మీటర్లకి ఎన్ని నిమిషాలు పడుతుందో. చూడాల్సింది దాన్ని. నిమిషానికి ఎన్ని లాగుళ్లో కూడా చూపిస్తది. మెల్లగా చేసే రోజుల్లో నిమిషానికి 20 లాగుళ్లు చాలు. 35 లాగి అంకె తగ్గకపోతే ఆ లాగుడు వృథా.

మావోడు ఆ పది వారాలు ఎట్లా చేశాడో రాస్తా. ఇది వాడికి సరిపోయింది. మీ పిల్లల నొప్పిని బట్టి మార్చుకోండి.

మొదటి రెండు వారాలు పరుగు సున్నా. వారానికి ఐదు రోజులు మిషను. మొదట 20 నిమిషాలు, తర్వాత 30కి పెంచాడు. మాట్లాడుతూ లాగగలిగేంత నిదానంగా. మొదటిరోజు 500 మీటర్లకి 2 నిమిషాల 25 సెకన్ల చొప్పున పడింది, 12 నిమిషాలకే కళ్లు తిరిగినయ్యి. రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెత్తేవాడు పన్నెండు నిమిషాలకి పడిపోవటం చూసి జిమ్ములో వాళ్లు నవ్వారు. వీపు, తొడలు ఎప్పుడూ అట్లా పని చేసి ఉండవు, అంతే సంగతి.

మూడు, నాలుగు వారాలు. మిషను నాలుగు రోజులు. అందులో ఒకరోజు జోరు: 500 మీటర్లు గట్టిగా, రెండు నిమిషాలు ఆగి మళ్లీ, అట్లా ఆరుసార్లు. కాలినొప్పి తగ్గింది. అప్పుడు దున్నిన చేను గట్టున, మెత్తని మట్టిలో ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, పదిసార్లు. తారురోడ్డు ఎక్కనివ్వలేదు.

ఐదు నుంచి ఎనిమిది వారాలు. మూడు రోజులు పరుగు, మూడు రోజులు మిషను, ఆదివారం విశ్రాంతి. పరుగు రోజుకీ పరుగు రోజుకీ మధ్య మిషను. మిషను మీద ఒకరోజు ర్యాలీకి సరిపడేది పెట్టాడు మా మేనల్లుడు: 5 నిమిషాలు ప్రాణం పెట్టి, 4 నిమిషాలు నిదానంగా, అట్లా నాలుగుసార్లు. పరుగు పందెం పట్టేది ఐదున్నర నిమిషాలే కదా. ఆ ఐదు నిమిషాల మంట గుండెకి, మనసుకి అలవాటు చేయటం. నాలుగోసారి లాగి పీట మీంచి పక్కకి దొర్లి పడుకునేవాడు. చూసి నాకు కడుపులో దేవినట్టుండేది. "మావయ్యా, నువ్వు బయటికెళ్లి టీ తాగు" అనేవాడు మేనల్లుడు.

తొమ్మిది, పది వారాలు. పరుగు నాలుగు రోజులు, మిషను రెండు. స్కూలు గ్రౌండులో 400 మీటర్ల గీత గీసి, ఒక్కో చుట్టు 82 సెకన్లలో కొట్టటం అలవాటు చేసుకోవాలి, అప్పుడే నాలుగు చుట్లకి 5:30 లోపు వస్తది. ఆఖరి నాలుగు రోజులు అన్నీ తగ్గించి నిద్ర, తిండి. తిండంటే ఏం లేదు, గుడ్లు, వేరుశెనగ ఉండలు, రాగి సంగటి, పప్పు, పెరుగు. డబ్బాల్లో పౌడర్లు కొనలేదు.

మధ్యలో ఇంకో లాభం కనపడింది. పుల్‌అప్స్ ఆరు దగ్గర ఆగిపోయినోడు పదకొండు తీశాడు. విడిగా పుల్‌అప్స్ సాధన చేశాడు లెండి, కానీ రోజూ వీపుతో లాగటం దానికి బాగా కలిసొచ్చింది.

ర్యాలీ రోజు 5:41 వచ్చాడు. రెండో గ్రూపు, 48 మార్కులు. పుల్‌అప్స్ పదీ తీసి 40 తెచ్చుకున్నాడు. గుంట దూకాడు, దిమ్మ నడిచాడు. కాలు నొప్పి లేదు. కానీ తుది మెరిట్ లిస్టులో పేరు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా. మిషను ఎక్కితే ఉద్యోగం వచ్చుద్దని చెప్పటానికి ఈ పోస్టు రాయటం లేదు. ఆ రాత్రి వాడు డాబా మీద ఒక్కడే పడుకున్నాడు. వాళ్లమ్మ కింద నిద్రపోలేదు.

కానీ ఒక సంగతి చూడండి. వాడితోపాటు పరిగెత్తిన మా వీధి పిల్లోడు ఒకడు, నొప్పి మీద నొప్పిమాత్ర మింగి పరిగెత్తాడు. ర్యాలీకి రెండు వారాల ముందు ఎముక చిట్లి కట్టు పడింది. పోటీకే పోలేకపోయాడు. ఆర్నెల్లు కుంటుతూ తిరిగాడు, ఆ ఆర్నెల్లు వాళ్ల నాన్న ఒక్కడే పొలం చూసుకున్నాడు. మావోడు ఓడినా రెండు కాళ్లతో ఇంటికొచ్చాడు. ఇప్పుడు కానిస్టేబుల్‌కి తయారవుతున్నాడు. అక్కడా 1600 మీటర్ల పరుగే, దానికి వయసు ఇంకా ఉంది. ఒక దారి మూసుకుంటే ఇంకో దారిలో నడవటానికి కాళ్లు మిగలాలి కదా. రైతుకి పంట పోయినా భూమి మిగిలితే మళ్లీ విత్తనం వేస్తాడు. ఇదీ అంతే.

ఇంక జాగ్రత్తలు. ఇవి వదలొద్దు.

తెడ్డు పరుగుకి తోడు మాత్రమే, పరుగుకి బదులు కాదు. పోటీ పరుగులో ఉంటే పరుగు చెయ్యాల్సిందే. నేల దెబ్బకి ఎముక అలవాటు పడటం, అడుగు పడే తీరు, మలుపు తిరగటం మిషను నేర్పదు. కాలు బాగున్నోళ్లు వారానికి రెండు రోజులు పరుగు తీసేసి మిషను పెట్టుకుంటే చాలు.

కబడ్డీ పిల్లలకీ పనికొస్తది. కూత అరనిమిషమే కదా. అరనిమిషం గట్టిగా, ఒకటిన్నర నిమిషం నిదానంగా, ఎనిమిదిసార్లు. వారానికి రెండు రోజులు. కానీ పక్కకి తప్పుకోవటం, పట్టు వేయటం మట్టిలోనే నేర్చుకోవాలి.

నొప్పి ఎముక పొడుగునా ఉంటే ఒక రకం. ఒక్క వేలితో నొక్కితే ఒకేచోట ప్రాణం పోయినట్టున్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతున్నా అది వేరు. వెంటనే ఎముకల డాక్టరుకి చూపించండి. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో చీలిక కనపడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుంది కదాని పరిగెత్తించొద్దు.

నడుము గూనిగా పెట్టి లాగితే నడుము పోద్ది. అలిసిపోయాక అందరికీ గూను వస్తది, అప్పుడు ఆపెయ్యాలి. నాలాగా యాభై దాటినోళ్లు, బీపీ, షుగరు, గుండె ఇబ్బంది ఉన్నోళ్లు డాక్టర్ని అడిగే పీట ఎక్కండి. నేను వారానికి రెండు రోజులు పావుగంట లాగుతున్నా, నిదానంగా. మెట్లెక్కితే ఆయాసం తగ్గింది.

పార్కుల్లో ఓపెన్ జిమ్ అని పెట్టిన వాటిలో కూడా తెడ్డు లాంటిది ఒకటి ఉంటది, కర్రలు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగేది. ఒళ్లు కదలటానికి మంచిదే. దాంట్లో మన బరువే మనం లాగుతాం, వేగాన్ని బట్టి పెరిగే ఎదురు ఉండదు, లెక్క చూపించే తెరా ఉండదు. పోటీకి తయారయ్యేవాళ్లకి అది చాలదు.

మిషనే దొరకనోళ్లు ఏం చెయ్యాలి? సైకిలు ఉంది, ఈత ఉంది. రెండూ కాలికి దెబ్బ లేకుండా ఊపిరి పెంచేవే. ఈతంటే బావిలోనో చెరువులోనో, పక్కన ఈత వచ్చిన మనిషి ఉండగా. సాగర్ కాలవలోకి మాత్రం పంపొద్దు. పైకి నిదానంగా కనపడ్డా అడుగున లాగేస్తది, గట్టు సిమెంటుది కాబట్టి పట్టు దొరకదు.

ఆఖరికి డబ్బు సంగతి. పేటలో జిమ్ముకి నెలకి తొమ్మిది వందలు కట్టాం, రానుపోను బస్సు ఖర్చు వేరు. మొత్తం మీద మూడు నెలలకి ఐదారు వేలు అయింది. ఒక ఎకరం మిరపకి ఒకసారి కొట్టే మందు ఖర్చుకి అటూ ఇటూ. నల్లి తగిలితే రాత్రికి రాత్రి అప్పు తెచ్చి మందు కొడతాం. పిల్లోడి కాలికి తెగులు పడితే "అదే తగ్గుద్ది లే" అంటాం. కొంచెం ఆలోచించండి.

మంచి గాలిచక్రం మిషను కొనాలంటే లక్ష దాటుద్ది. ఒక్క ఇంటికి భారమే. కానీ మన ఊళ్లో పరుగుకి తయారయ్యే పిల్లలున్న ఇళ్లు ముప్పై దాకా లెక్క తేలినయ్యి. ఇంటికి ఐదు వేలు వేసుకుంటే మిషనూ వస్తది, దాన్ని పెట్టే గదికి తలుపూ తాళమూ వస్తయ్యి. పాత గ్రంథాలయం గది ఖాళీగానే ఉంది. గొలుసుకి నూనె, కమ్మీకి తుడుపు తప్ప దానికి పెద్ద మరమ్మతు ఉండదు, కరెంటూ అక్కర్లేదు. ఆడపిల్లలకి ఒక పూట, మగపిల్లలకి ఒక పూట. కానిస్టేబుల్‌కి తయారయ్యే ఆడపిల్లలు మన ఊళ్లో నలుగురున్నారు. చీకట్లో రోడ్డు మీద పరిగెత్తటానికి ఇంట్లో ఒప్పుకోక వాళ్లు మానుకుంటున్నారు. మా వాడికంటే ముందు వాళ్లకే ఇది ఎక్కువ అవసరం అని నా లెక్క. నేర్పటానికి మా మేనల్లుడు రోజూ ఒక గంట వస్తానన్నాడు, డబ్బులొద్దన్నాడు.

నా వంతు ఐదు వేలు తీసి పక్కన పెట్టా. కాయ అమ్ముడుపోయినోళ్లు, పిల్లలున్నోళ్లు వచ్చే ఆదివారం పొద్దున్నే తొమ్మిదింటికి రామాలయం అరుగు దగ్గరికి రండి. మాట్లాడుకుందాం. వేరే ఊళ్లవాళ్లు ఎవరన్నా ఇప్పటికే ఇట్లా తలా కొంచెం వేసుకుని పెట్టుకుని ఉంటే, ఎట్లా నడుపుతున్నారో కింద రాయండి, మాకు దారి చూపించినోళ్లు అవుతారు.

ఉంటా. మోటారు ఆపాలి, కరెంటు పోయే టైమైంది.